ఫోన్ ఫ్రేమ్ అల్యూమినియమా, స్టీలా: కొనే ముందు మీరే తేల్చుకునే పద్ధతి

"అన్నా, ఇది స్టీలా, సిల్వరా?"

హనుమకొండలో మా రిపేరు కౌంటర్ ముందు నిలబడి, సెకండ్ హ్యాండ్ ఫోన్ అంచును గోటితో గీకుతూ చాలామంది అడిగే ప్రశ్న ఇది. సిల్వర్ అంటే ఇక్కడ అల్యూమినియం. సిల్వర్ గిన్నె, సిల్వర్ గంజు అన్న అలవాటు మీద ఫోన్‌కు కూడా అదే మాట వచ్చేసింది. మాటతోపాటు తీర్పు కూడా వచ్చింది. పెళ్లికి పేరు చెక్కించి ఇచ్చేది స్టీలు బిందె, అటక మీద నల్లబడి పడి ఉండేది సిల్వర్ గిన్నె. కాబట్టి ఫోన్లోనూ స్టీలే గొప్పదని, సిల్వర్ ఫ్రేమ్ అంటే కంపెనీ ఎక్కడో కక్కుర్తి పడ్డట్టేనని అనుకుంటారు.

ఆ లెక్కతో ఫోన్ కొని ఇబ్బంది పడ్డవాళ్లను చూశాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. ఫ్రేమ్ లోహాన్ని ధరను బట్టి తూచితే తప్పు లెక్క వస్తుంది. ఆ ఫోన్ మీ దగ్గర గడపబోయే రోజును బట్టి తూచాలి. ఎంత ఎండలో ఉంటుంది, ఏ జేబులో ఉంటుంది, పడితే ఎక్కడ పడుతుంది, ఎన్నేళ్లు వాడతారు, చివరికి అమ్ముతారా లేక ఇంట్లో పిల్లలకు ఇస్తారా. కింది అడుగులన్నీ ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

మొదటి అడుగు: మీ చేతిలో ఉన్నది ఏ లోహమో తేల్చుకోండి

అంచు మెరిసినంత మాత్రాన లోహం కాదు. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ప్లాస్టిక్ ఫ్రేమ్ మీద లోహపు రంగు వేసి ఉంటుంది. ఒకే కంపెనీలో, పక్కపక్క మోడళ్లలో కూడా తేడా వస్తుంది. శామ్‌సంగ్ గెలాక్సీ ఏ54కు ప్లాస్టిక్ ఫ్రేమ్ ఉంటే, 2024లో వచ్చిన ఏ55కు అల్యూమినియం ఫ్రేమ్ పెట్టారు. దూరం నుంచి చూస్తే రెంటికీ తేడా కనిపించదు. ముట్టుకుంటే తెలుస్తుంది. ఏసీ షోరూంలో లోహపు అంచు చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ అలా తగలదు.

లోహమే అని తేలాక అల్యూమినియమా, స్టీలా అన్నది చూడాలి. ఐఫోన్లలో ఇది తేలిక, ఎందుకంటే అక్కడ ఏళ్ల తరబడి ఒక పద్ధతి నడిచింది. 2010లో వచ్చిన ఐఫోన్ 4 చుట్టూ ఉన్న పట్టీ స్టెయిన్‌లెస్ స్టీలు. 2012లో ఐఫోన్ 5తో అల్యూమినియం వచ్చింది. 2017లో ఐఫోన్ టెన్‌తో స్టీలు తిరిగొచ్చింది. ఆ మరుసటి ఏడాది నుంచి రెండు వరుసలు విడిపోయాయి. టెన్ ఆర్, 11, 12, 13, 14, 15, 16 లాంటి మామూలు మోడళ్లకు అల్యూమినియం, టెన్ ఎస్ నుంచి 14 ప్రో వరకు ఖరీదైన మోడళ్లకు స్టీలు. 2023లో 15 ప్రోతో స్టీలు స్థానంలో టైటానియం వచ్చింది. 2025లో వచ్చిన 17 ప్రోకు మళ్లీ అల్యూమినియం బాడీయే. ఖరీదైన ఫోన్ అంటే స్టీలే అనుకునేవాళ్లు ఈ చివరి మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అంత ధర పెట్టి అమ్మే ఫోన్‌కు అల్యూమినియాన్ని ఎందుకు ఎంచుకున్నారో మూడో అడుగులో తెలుస్తుంది.

ఆండ్రాయిడ్ ఫోన్లలో స్టీలు ఫ్రేమ్ అరుదు. శామ్‌సంగ్ ఎస్ వరుసలో కొన్నేళ్లుగా వాడుతున్నది అల్యూమినియమే. ఎస్22 నుంచి దానికి ఆర్మర్ అల్యూమినియం అని పేరు పెట్టారు. పేరు బరువుగా ఉన్నా అది కాస్త గట్టి అల్యూమినియం మిశ్రమం, అంతే. 2024లో ఎస్24 అల్ట్రా టైటానియంకు మారింది.

అయస్కాంతం పెట్టి చూసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. పాత సామాన్లు కొనేవాళ్లు ఇనుమును అలాగే పడతారు గానీ, ఫోన్లలో వాడే రకం స్టెయిన్‌లెస్ స్టీలు అయస్కాంతానికి దాదాపు అంటుకోదు. అల్యూమినియం ఎలాగూ అంటుకోదు. పైగా ఫోన్ లోపల స్పీకర్‌లో, కొన్నింటికి వెనక ఛార్జింగ్ చుట్ట దగ్గర అయస్కాంతాలు ఉంటాయి. మీ అయస్కాంతం వాటిని పట్టుకుంటే మీరు ఫ్రేమ్ పట్టుకుందనుకుంటారు. దానికన్నా కళ్లు నమ్మదగ్గవి. అద్దంలా నిగనిగలాడుతూ వేలిముద్రలు పడుతున్న అంచు ఎక్కువసార్లు స్టీలు. సన్నటి ఇసుక రాసినట్టు మసకగా, మెత్తగా ఉన్నది ఎక్కువసార్లు అల్యూమినియం. ఇది కూడా నూటికి నూరు పాళ్లు పనిచేయదు. చివరి మాట కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ వివరాల్లో ఉంటుంది. దుకాణంవాళ్లు "మెటల్ బాడీ" అంటే ఏ మెటల్ అని గట్టిగా అడగండి.

రెండో అడుగు: బరువును చేతితో, తర్వాత కాగితం మీద చూడండి

అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు. స్టెయిన్‌లెస్ స్టీలుది దాదాపు 8. అంటే ఒకే కొలతలతో రెండు ముక్కలు కోస్తే స్టీలు ముక్క మూడింతలు బరువు తూగుతుంది.

ఫోన్లో ఇది ఎంత తేడా తెస్తుందో చూడాలంటే ఐఫోన్ 12, 12 ప్రో మంచి జత. పొడవు, వెడల్పు, మందం అచ్చంగా ఒకటే, తెర సైజూ ఒకటే. 12 బరువు 162 గ్రాములు, 12 ప్రో 187. ఆ 25 గ్రాముల్లో ప్రోకు అదనంగా ఉన్న కెమెరా, సెన్సర్ల వాటా కొంత ఉంది, కానీ పెద్ద వాటా ఫ్రేముదే. 14 ప్రో 206 గ్రాములుంటే, స్టీలు తీసి టైటానియం పెట్టిన 15 ప్రో 187కు దిగింది. 14 ప్రో మ్యాక్స్ అయితే 240 గ్రాములు, పావు కిలోకు పది గ్రాములే తక్కువ.

కాగితం మీద చిన్నగా కనిపించే 25 గ్రాములు రాత్రి పడుకుని ఫోన్ పైకి ఎత్తి పట్టుకున్నప్పుడు తెలుస్తాయి. షోరూంలో ఒక్క నిమిషం పట్టుకుని "బాగుంది, బరువుగా, రిచ్‌గా ఉంది" అనేస్తాం. ఆ ఒక్క నిమిషాన్ని నమ్మొద్దు. ఫోన్‌ను ఒంటిచేత్తో, కిందంచు చిటికెన వేలి మీద ఆనేలా పట్టుకుని అయిదు నిమిషాలు మెసేజ్‌లు టైప్ చేయండి. చిటికెన వేలు నొస్తే ఆ ఫోన్ మీది కాదు. చొక్కా పైజేబులో ఫోన్ పెట్టుకునే అలవాటుంటే అక్కడ కూడా పెట్టి ఒకసారి ముందుకు వంగి చూడండి. పొలంలో, మార్కెట్ యార్డులో, బండి కిక్ కొట్టేటప్పుడు పడిపోయి నా దగ్గరికి వచ్చే ఫోన్లలో చాలావరకు పైజేబులోంచి జారినవే.

మూడో అడుగు: వేడి లెక్క వేయండి, మన దగ్గర ఇదే అన్నిటికన్నా ముఖ్యం

దీనికి వంటింటికి వెళ్లొస్తే చాలు. పొయ్యి మీద ఉడుకుతున్న పప్పులో స్టీలు గరిటె వదిలేస్తే కాడ చివర చాలాసేపటి దాకా పట్టుకోగలిగినట్టే ఉంటుంది. సిల్వర్ గరిటె అయితే కాసేపటికే చేయి కాలుతుంది. స్టీలు గిన్నె అడుగున రాగి పూత ఎందుకు వేస్తారు? స్టీలు వేడిని పక్కలకు పంచదు, మంట తగిలిన చోటే మాడుస్తుంది కాబట్టి. ఫోన్లలో వాడే అల్యూమినియం మిశ్రమాలు స్టెయిన్‌లెస్ స్టీలు కన్నా దాదాపు పదింతలు బాగా వేడిని మోస్తాయి. టైటానియం ఇందులో స్టీలు కన్నా కూడా వెనకే.

ఫోన్ లోపల ప్రాసెసర్ అనే చిన్న ముక్క గోరంత చోట వేడిని పుట్టిస్తుంది. ఆ వేడి తెర వెనక ఉండే పలకల మీదుగా అంచులకు చేరి గాలిలో కలవాలి. కలవకపోతే ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గిస్తుంది, తెర వెలుగు తగ్గిస్తుంది, ఛార్జింగ్ ఆపేస్తుంది. ఐఫోన్‌ను సున్నా నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతుంది. మన వరంగల్‌లో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఎండ 40 దాటడం మామూలు. రామగుండం, మంచిర్యాల వైపు ఇంకా ఎక్కువ. అంటే ఎండాకాలం రెండు నెలలూ కంపెనీ చెప్పిన గీతకు బయటే వాడుతున్నాం. ఇక్కడ ఫ్రేమ్ లోహం అందం విషయం కాకుండా పోతుంది.

15 ప్రోకు పైన టైటానియం పట్టీ పెట్టినా లోపలి ఫ్రేమ్‌ను అల్యూమినియంతోనే చేశారు. 17 ప్రోలో బాడీ మొత్తాన్ని అల్యూమినియం చేసి, ప్రాసెసర్ వేడిని లాగే ఆవిరి గదిని (వేపర్ ఛాంబర్) దానికే అతికించారు. వేడిని బయటికి పంపాలంటే స్టీలు, టైటానియం కన్నా అల్యూమినియమే మేలని ఖరీదైన ఫోన్లు చేసేవాళ్లకూ తెలుసు.

దుకాణంలో మీరే పరీక్షించవచ్చు. ఫోన్లో 4కె వీడియో రికార్డింగ్ పెట్టి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత అంచు చుట్టూ వేలు నెమ్మదిగా తిప్పండి. అల్యూమినియం ఫోన్ చుట్టూ దాదాపు ఒకేలా గోరువెచ్చగా తగులుతుంది. స్టీలు ఫోన్ కెమెరా వైపు ఒకచోట చురుక్కుమని, కింది అంచు మాత్రం చల్లగా ఉంటుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. "ఈ సిల్వర్ ఫోన్ మొత్తం వేడెక్కుతుందన్నా, స్టీలుది మంచిగున్నది" అంటారు. నిజానికి చేతికి సమానంగా తెలిసే వేడి లోపలి నుంచి బయటికి వస్తున్న వేడి. చేతికి తెలియని వేడి లోపలే, బ్యాటరీ పక్కనే కూర్చుంటుంది. బ్యాటరీ ఆయుష్షు తగ్గించేది అదే.

అల్యూమినియం ఉన్నంత మాత్రాన ఎండను జయించినట్టు కాదు. బయట 44 డిగ్రీలుంటే ఏ లోహమైనా వేడిని వదలడం కష్టమే, ఎందుకంటే వేడి చల్లని వైపే పోతుంది. బండి హ్యాండిల్‌కు ఫోన్ బిగించి కాజీపేట నుంచి పరకాల దాకా మ్యాప్ చూస్తూ పోయే డెలివరీ అబ్బాయిలు రెండు పనులు చేయాలి. మధ్యాహ్నం ఎండలో దళసరి రబ్బరు పౌచ్ తీసేయాలి, ఎండ తగిలే చోట ఛార్జింగ్ పెట్టడం మానాలి. వేడెక్కిన ఫోన్‌ను ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు, దయచేసి పెట్టకండి. లోపల చెమ్మ పట్టి మదర్‌బోర్డు పాడవుతుంది. నీడలో ఫ్యాన్ కింద పెడితే చాలు.

నాలుగో అడుగు: పడినప్పుడు ఏమవుతుందో ముందే ఊహించండి

అల్యూమినియం మూల మీద పడితే సొట్ట పడుతుంది. స్టీలు మూల మీద పడితే ఎక్కువగా గీతలు పడతాయి, సొట్ట తక్కువ. ఇంతవరకు జనం అనుకునేది నిజమే. దాన్నుంచి "స్టీలు ఫోన్ పడినా పగలదు" అన్న చోటికి వెళ్లడం తప్పు.

పడే వస్తువులో ఉన్న శక్తి దాని బరువును బట్టి పెరుగుతుంది. మీటరు ఎత్తు నుంచి 162 గ్రాముల ఫోన్ పడితే దాదాపు 1.6 జౌళ్ల శక్తితో నేలను తాకుతుంది. 187 గ్రాములది 1.8 జౌళ్లకు పైగా, అంటే సుమారు 15 శాతం ఎక్కువ దెబ్బ. ఆ శక్తి ఎక్కడో ఖర్చవ్వాలి. అల్యూమినియం సొట్టపడుతూ అందులో కొంత మింగేస్తుంది. స్టీలు వంగనంటుంది కాబట్టి ఆ అదురు అద్దం వైపు వెళ్తుంది. నా కౌంటర్ మీదికి వచ్చే పగిలిన అద్దాల్లో రెండు రకాల ఫోన్లూ ఉంటాయి. అద్దం బతకడం, పగలడం ఎక్కువగా ఏ కోణంలో పడింది, అంచు అద్దం కన్నా ఎత్తుగా ఉందా, పౌచ్ ఉందా అన్నవాటి మీద ఆధారపడుతుంది.

సొట్ట వల్ల అసలు నష్టం తర్వాత వస్తుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒకరి ఫోన్ డిస్‌ప్లే మార్చాను. పాత డిస్‌ప్లే పగిలిన మూలలో అల్యూమినియం ఫ్రేమ్ వెంట్రుకవాసి లోపలికి వంగి ఉంది. కంటికి ఆనలేదు, నేను వేలితో తడిమి చూడలేదు. కొత్త డిస్‌ప్లే బిగించి ఇచ్చాను, మూడో రోజుకే ఆ మూలనుంచి గీత పాకింది. ఖర్చు నేనే భరించి ఇంకోటి వేశాను. అప్పటినుంచి ఫ్రేమ్ చుట్టూ వేలు తిప్పకుండా ఏ డిస్‌ప్లే బిగించలేదు. అద్దానికి అంచే బలహీనమైన చోటు. వంగిన లోహం దాన్ని రోజంతా నొక్కుతుంటే చిన్న అదురుకే పగులుతుంది. మీ ఫోన్ మూలలో సొట్ట ఉంటే డిస్‌ప్లే మార్పించేటప్పుడు "ముందు ఫ్రేమ్ సరిచేసి బిగించండి" అని నోరు విప్పి అడగండి. అల్యూమినియం మెత్తన కాబట్టి సొట్టను కొంతవరకు వెనక్కి తేవచ్చు. స్టీలు వంగడం అరుదు, కానీ ఒకసారి వంగితే దాన్ని సరిచేయడం చాలా కష్టం.

ఐదో అడుగు: వంగడం గురించి

స్టీలు అల్యూమినియం కన్నా రెండున్నర రెట్లకు పైగా బిగువైనది. కానీ ఫోన్ బిగువు లోహం ఒక్కదాని మీదే ఆధారపడదు. పలక మందం రెట్టింపైతే వంగడాన్ని ఎదిరించే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అల్యూమినియం తేలిక కాబట్టి అదే బరువులో దాన్ని ఇంకా మందంగా పెట్టుకోవచ్చు. 2014లో ఐఫోన్ 6 ప్లస్ జేబులో వంగిపోతోందని ప్రపంచమంతా గోల జరిగింది. మరుసటి ఏడాది 6ఎస్‌కు స్టీలు పెట్టలేదు, 7000 శ్రేణి అనే గట్టి అల్యూమినియం మిశ్రమం పెట్టి, లోపలి నిర్మాణం మార్చారు. ఆ గోల ఆగిపోయింది. ఏ ఫోనైనా ప్యాంటు వెనక జేబులో పెట్టుకుని ఆటోలో కూర్చోకపోతే ఈ అడుగు మీకు పెద్దగా అక్కర్లేదు.

ఆరో అడుగు: పైపూత చూడండి, గీతల సంగతి ఇక్కడే తేలుతుంది

స్టీలు మీద ఉత్తర తెలంగాణకు మక్కువ కొత్తది కాదు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో కత్తులకని కరిగించిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చి దిగేవారు. కానీ ఆ కత్తుల ఉక్కు వేరు, ఫోన్ స్టీలు వేరు. ఆ ఉక్కు చెమ్మ తగిలితే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది, అది గాలితో కలిసి కంటికి కనిపించని పొరగా ఏర్పడి తుప్పును ఆపుతుంది. ఆ పొర గీరుకుపోయినా మళ్లీ తనంతట తానే వస్తుంది. చెమట బాగా పట్టే చేతులున్నవాళ్లకు ఇది నిజమైన లాభం.

అల్యూమినియం ఫ్రేమ్‌కు రంగు ఎలా వస్తుందో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. దాన్ని ఆమ్లపు తొట్టిలో ముంచి కరెంటు పంపిస్తారు. లోహం పైభాగమే గట్టి ఆక్సైడ్ పొరగా మారుతుంది. ఆ పొరలోని సన్నటి రంధ్రాల్లో రంగు ఎక్కించి, రంధ్రాలు మూసేస్తారు. దీన్నే యానోడైజింగ్ అంటారు. ఆ పొర చాలా గట్టిది, తాళాల గుత్తి రుద్దితే స్టీలు మీద కన్నా తక్కువ గీతలు పడతాయి. కానీ అది పలుచన, కింద ఉన్న లోహం మెత్తన. గట్టిగా ఒక్క దెబ్బ తగిలితే పెంకు చిట్లినట్టు చిట్లి కింద తెల్లటి లోహం బయటపడుతుంది. నలుపు, ముదురు నీలం రంగుల్లో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వెండి రంగు ఫోన్లో కనిపించదు. పౌచ్ లేకుండా వాడేవాళ్లకు లేత రంగు తీసుకోమని అందుకే చెబుతాను.

స్టీలు ఫోన్లలో బంగారు, నలుపు రంగులు గాలి తీసేసిన గదిలో లోహపు ఆవిరిని పట్టించి వేసే పూతలు. అద్దంలాంటి మెరుపు మీద సన్నటి గీతలు రెండు వారాల్లోనే కనిపిస్తాయి. కొత్తగా కొన్నవాళ్లు ఇది చూసి బాధపడతారు. ఆ గీతలు లోతు లేనివి, ఫోన్‌కు ఏ హానీ చేయవు.

మనకు ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకొకటుంది. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్ల ఫోన్లు నా దగ్గరికి వచ్చినప్పుడు ఫ్రేమ్ ఏ లోహమైనా ఒకేలా అరిగిపోయి ఉంటాయి. గ్రానైట్ పొడిలో క్వార్ట్జ్ ఉంటుంది, అది స్టీలు కన్నా గట్టిది. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో బొగ్గుతో కలిసి వచ్చే రాతి పొడి కూడా అంతే. ఆ పొడి పౌచ్‌కు, ఫ్రేమ్‌కు మధ్య చేరి గరుకు కాగితంలా రుద్దుతుంది. పౌచ్ వేసినా పాడైందని ఆశ్చర్యపోతారు, అక్కడ పాడుచేసింది పౌచ్‌లో ఇరుక్కున్న ధూళే.

శుభ్రం చేసేటప్పుడు కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డ చాలు. పెంబర్తి ఇత్తడి సామాన్లకు చింతపండు రుద్దినట్టు ఫోన్ అంచుకు చింతపండు, నిమ్మకాయ, వంటసోడా, టూత్‌పేస్ట్ రుద్దకండి. సోడా, డిటర్జెంట్ పొడి అల్యూమినియం పొరను పాడుచేస్తాయి. టూత్‌పేస్ట్ స్టీలు మీది రంగు పూతను అరగదీస్తుంది.

ఏడో అడుగు: సెకండ్ హ్యాండ్ అయితే ఈ వరుసలో చూడండి

పౌచ్ తీయించండి. తీయడానికి అమ్మేవాళ్లు జంకితే అక్కడే ఆగిపోండి.

ఫోన్‌ను కౌంటర్ అద్దం మీద తెర కిందికి వచ్చేలా పెట్టి, నాలుగు మూలలనూ ఒక్కొక్కటిగా వేలితో నొక్కండి. టకటకమని ఊగితే ఫ్రేమ్ వంకరపోయింది, లేదా లోపల బ్యాటరీ ఉబ్బి తెరను పైకి నెట్టింది. రెండూ చెడ్డవే. తర్వాత ఫోన్‌ను కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని అంచు వెంబడి గీత తిన్నగా ఉందో లేదో చూడండి. తెరకు, ఫ్రేమ్‌కు మధ్య సందు చుట్టూ ఒకేలా ఉండాలి. ఒక మూలలో సందు పెద్దదైతే అది ఒకసారి విప్పిన ఫోన్, నీళ్లను ఆపే జిగురు పోయి ఉండొచ్చు. పెట్టె మీద ఐపీ68 (నీళ్లను, దుమ్మును తట్టుకుంటుందనే గుర్తు) అని రాసి ఉన్నా దాన్ని నమ్మొద్దు.

మూలల సొట్టలు లెక్కపెట్టండి. అల్యూమినియం ఫోన్‌కు ఇదొక మేలు, దాని చరిత్ర మొత్తం అంచు మీద రాసి ఉంటుంది. ఎన్నిసార్లు పడిందో కనిపిస్తుంది. స్టీలు ఫోన్‌కు పాలిష్ కొట్టి కొత్తదానిలా చూపించవచ్చు. బంగారు రంగు, నలుపు రంగు స్టీలు ఫోన్లో ఒకచోట వెండి మెరుపు బయటపడిందా, లేక అంచంతా మిగతా చోట్ల కన్నా ఎక్కువ మెరుస్తోందా చూడండి. అలా ఉంటే రుద్దిన ఫోన్. సిమ్ ట్రే తీసి మళ్లీ పెట్టండి. బిగుసుకుపోతే ఆ వైపు ఫ్రేమ్ నొక్కుకుపోయింది. వాల్యూమ్, పవర్ బటన్లు టక్కుమని నొక్కుకోవాలి.

ఫ్రేమ్‌లో అడ్డంగా ఉండే సన్నటి ప్లాస్టిక్ గీతల దగ్గర పగులు ఉందేమో చూడండి. అవి యాంటెనా గీతలు. లోహం రేడియో తరంగాలను అడ్డుకుంటుంది కాబట్టి ఫ్రేమ్‌ను ముక్కలు చేసి ఆ ముక్కలనే యాంటెనాలుగా వాడతారు. స్టీలు ఫోన్‌కు సిగ్నల్ తక్కువ అన్న మాట కూడా వింటుంటాను, రెండు లోహాలూ ఈ విషయంలో ఒకటే.

ఎనిమిదో అడుగు: రిపేరు ఖర్చును ధరలో కలిపి చూడండి

ఖరీదైన మోడల్ సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరికిందని కొంటారు, తర్వాత వెనక గ్లాస్ పగిలితే గుండె జారుతుంది. 2022 నాటి ఐఫోన్ 14 వెనక గ్లాస్‌ను విడిగా తీసి మార్చేలా తయారుచేశారు. అదే ఏడాది వచ్చిన స్టీలు ఫ్రేమ్ 14 ప్రోకు ఆ సౌకర్యం లేదు, గ్లాస్ బాడీకి అతుక్కుని ఉంటుంది. 15 నుంచి ప్రో ఫోన్లకూ ఆ సౌకర్యం వచ్చింది. అంటే అదే తరంలో తక్కువ ధర ఫోన్ రిపేరుకు సులువు. కొనే ముందు ఆ మోడల్ డిస్‌ప్లేకు, వెనక గ్లాస్‌కు, బ్యాటరీకి ఎంతవుతుందో సర్వీస్ సెంటర్‌లో ఒకసారి, బయట రిపేరు షాపులో ఒకసారి అడిగి రాసుకోండి. ఆ మూడు అంకెలు ఫోన్ ధరకు కలిపాక చాలామంది మనసు మారడం చూశాను.

తొమ్మిదో అడుగు: మీ రోజును బట్టి నిర్ణయించండి

ఏనుమాముల యార్డుకు మిర్చి బస్తాలతో వచ్చే రైతు, ఆటో నడిపే తమ్ముడు, ఎండలో తిరిగే డెలివరీ అబ్బాయి, పెళ్లిళ్లలో గంటల తరబడి వీడియో తీసేవాళ్లు, వీళ్లందరికీ అల్యూమినియమే చెబుతాను. తేలిక, వేడిని వదులుతుంది, రిపేరు సులువు. మూలల రక్షణ ఉన్న పౌచ్ ఒకటి వేస్తే సొట్టల భయం చాలావరకు పోతుంది.

ఆఫీసులో, ఏసీ గదిలో రోజు గడిచేవాళ్లు, చేతులకు చెమట ఎక్కువ పట్టేవాళ్లు, మెరిసే అంచు నిజంగా ఇష్టపడేవాళ్లు స్టీలు తీసుకోవచ్చు. ఇష్టం కూడా ఒక కారణమే, రోజూ చేత్తో పట్టుకునే వస్తువు కదా. 12 ప్రో, 13 ప్రో లాంటివి సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవాళ్లు మెరుపు కన్నా ముందు బ్యాటరీ ఆరోగ్యం శాతం చూడండి. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్ల కోసం కొనేవాళ్లు బరువైన స్టీలు ఫోన్ జోలికి పోవద్దు. మా అమ్మకు నేను ఇచ్చింది అల్యూమినియం ఫ్రేమ్ ఫోనే. పెద్ద అక్షరాలు పెట్టి, తాడు కట్టి మెడలో వేసుకునే పౌచ్‌తో ఇచ్చాను. ఆమె చేతిలోంచి జారినా నేలదాకా పోదు.

నిట్‌లోనో కాకతీయ యూనివర్సిటీలోనో చదివే పిల్లలు అప్పు చేసి ఖరీదైన మోడల్ కొనబోతూ నన్నడిగితే ఫ్రేమ్ కోసం ఒక్క రూపాయి కూడా అదనంగా పెట్టొద్దంటాను. ఆ ఎక్కువ ధరలో కెమెరా, తెర మీకు నిజంగా పనికొస్తే సరే. స్టీలు కోసమైతే వద్దు.

కొన్నాక చేయాల్సిన పని ఒకటే ఉంది. నెలకోసారి, దుమ్ములో పనిచేసేవాళ్లయితే వారానికోసారి, పౌచ్ తీసి దాని లోపలి మూలలు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక మళ్లీ వేయండి. తీసినప్పుడే ఫ్రేమ్ చుట్టూ ఒకసారి వేలు తిప్పండి. గరుకు తగిలినా, తెర అంచు పైకి లేచినట్టు అనిపించినా ఆ వారమే చూపించండి. ఉబ్బిన బ్యాటరీని ముందుగా పట్టుకుంటే బ్యాటరీ ఒక్కటే మారుస్తాం. ఆలస్యమైతే తెర కూడా పోతుంది.